పులుసు గిన్నె ముందు మార్చండి

(శ్రీకాకుళంలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో, రిటైరైన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు ఈ గోనెసంచి సంగతి చెప్పేస్తాను. ఇందాక ఆటో దిగుతుంటే ఆటో అబ్బాయి అడిగాడు, "ఏటమ్మా, సామాన్లన్నీ అమ్మేస్తన్నారా?" అని. అమ్మడానికి కాదు నాయనా, చూపించడానికి అన్నాను. మా వంటింట్లోంచి రకానికి ఒకటి చొప్పున తెచ్చాను. మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం గిన్నె, స్టీలు గిన్నె, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె, ఇనప పెనం, మట్టి దాక. ఇదేమో నాన్‌స్టిక్ పెనం. దీని గురించి తర్వాత చెబుతాను, దీని మీద నాకు కాస్త కోపం ఉంది.

గిన్నెల గురించి ఉపన్యాసమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఆమ్లంలో అల్యూమినియం ముక్క వేస్తే ఏమవుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. సాయంత్రం ఇంటికెళ్లి అదే అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు పెట్టేదాన్ని. పొద్దున్న చెప్పిన పాఠమే సాయంత్రం నా పొయ్యి మీద జరుగుతోందని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. కాలేజీకి కట్టుకెళ్లిన చీరతో పాటు చదువు కూడా మడతపెట్టి బీరువాలో పెట్టేసేదాన్ని కాబోలు.

ఈ సిల్వర్ గిన్నె చూడండి. ముందు వరసలో అమ్మా, మీరు చూసి వెనక్కి అందించండి. ఏళ్ల తరబడి దీంట్లో నీళ్లు మరిగించాను, లోపలంతా నల్లబడిపోయింది. నిన్న సాయంత్రం దీంట్లో సగం దాకా చింతపండు రసం పోసి, ఉప్పు వేసి, ఇరవై నిమిషాలు మరిగించి, రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్న పారబోసి కడిగాను. పీచుతో తోమలేదు, ఉత్త నీళ్లతో కడిగానంతే. ఇప్పుడేం కనిపిస్తోంది? పైన సగం నలుపు, కింద సగం తళతళ. మధ్యలో గీత గీసినట్టు లేదూ?

మా అత్తగారు చెప్పేవారు, "చింతపండేసి మరిగించవే, గిన్నె కొత్తదైపోద్ది" అని. ఆవిడ మాట నిజమే, గిన్నె కొత్తదైంది. మరి పోయిన పొర ఎటు పోయింది? గాల్లోకి పోలేదు. రసంలోకి దిగింది. నిన్నటి రసం నేను పారబోశాను కాబట్టి సరిపోయింది. పులుసైతే అన్నంలో కలుపుకునేవాళ్లం.

(సభలో గుసగుసలు)

ఆగండి, ఆగండి. మిమ్మల్ని హడలగొట్టడానికి ఇది చూపించలేదు. ఎంత భయపడాలో అంతే భయపడదాం. అంతకంటే ఎక్కువ భయపడితే రేపు ఎవడో వచ్చి ఆ భయాన్నే మనకి కిలోల లెక్కన అమ్ముతాడు.

అల్యూమినియం గాలి తగలగానే పల్చటి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. కంటికి కనిపించదు కానీ గట్టిది. దాన్ని నమ్ముకుని అన్నం వండుకోండి, పాలు కాచుకోండి, పెద్దగా ఏమీ దిగదు. ఆ పొరకి పులుపు పడదు. చింతపండు, టమాటా, మజ్జిగ, నిమ్మకాయ, మామిడికాయ ఏదైనా సరే. వంటసోడా, బూడిద లాంటివీ పడవు. ఉప్పు తోడైతే పొర ఇంకా తొందరగా కరుగుతుంది. వేడి ఉంటే మరీను. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది, ఎంతసేపు ఉంచాం అన్నది. పావుగంటలో దిగేదానికీ పన్నెండు గంటల్లో దిగేదానికీ చాలా తేడా.

ఇక్కడే మన వైపు వాళ్లకి చిక్కు. చేపల పులుసు పెట్టిన పూటే తింటామా మనం? ఆ పూట రుచి చూస్తాం. అసలు తినడం మర్నాడు పొద్దున్న చద్దన్నంలో. ఆ రాత్రంతా పులుసు ఎక్కడుంటుంది? వండిన గిన్నెలోనే, మూత పెట్టి, పొయ్యి పక్కన. వంకాయ పులుసైనా, ముక్కల పులుసైనా, తరవాణి కుండ బదులు ఈమధ్య సిల్వర్ డబ్బాలో పోసే తరవాణైనా ఇదే కథ. వండడం వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ, నిలవ ఉంచడం వల్ల వచ్చేది ఎక్కువ. మీరింకేం మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం ఇంటికి పట్టుకెళ్లండి.

ఒంట్లోకి వెళ్లిన అల్యూమినియం ఏం చేస్తుంది? మనం మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. చేరినదాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం 2011లో ఒక హద్దు చెప్పింది. వారానికి, మన బరువులో ప్రతి కిలోకీ 2 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు అని. అంటే 50 కిలోల మనిషికి వారానికి 100 మిల్లీగ్రాములు. గిన్నెదొక్కటే కాదు, టీపొడి, ఆకుకూర, కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్, అన్నీ కలిపి. యూరప్ వాళ్లు దాంట్లో సగమే ఒప్పుకున్నారు. ఇంకో సంగతి తెలుసా? గ్యాస్ ఉబ్బరానికి తాగే మందుల్లో చాలావాటిలో ఉండేది అల్యూమినియం హైడ్రాక్సైడే. ఒక్క మోతాదులో వందల మిల్లీగ్రాములు ఉంటుంది. పులుసు గిన్నె గురించి బెంగపడుతూ రోజూ మూడు పూటలా ఆ మందు తాగే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. ముందు వాళ్లని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మతిమరుపు జబ్బు వస్తుందంటారు కదా అని అడగబోతున్నారు. ఎప్పటి నుంచో ఉన్న అనుమానం అది. ఎన్నో పరిశోధనలు జరిగాయి, గిన్నెల వల్ల అల్జీమర్స్ వస్తుందని రుజువు కాలేదు.

(సభలోంచి ఒకావిడ: "అమ్మా, మాది కవిటి. మా ఉద్దానంలో ఈ కిడ్నీ రోగాలు సిల్వర్ గిన్నెల వల్లేనంటారా? ఊళ్లో అందరూ అదే అంటన్నారు.")

కూర్చో తల్లీ. అడిగి మంచి పని చేశావు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఆ వైపు చాలా ఇళ్లలో ఈ రోగంతో ఎవరో ఒకరున్నారు. ఎందరో డాక్టర్లు, శాస్త్రవేత్తలు వచ్చి నీళ్లు చూశారు, నేల చూశారు, తిండి చూశారు, ఎండలో చేసే పని చూశారు. ఇదీ కారణం అని తేలలేదు. సిల్వర్ గిన్నె అని ఎవరైనా అన్నారంటే, అది వాళ్ల ఊహ. గిన్నెలే కారణమైతే ఇవే గిన్నెలు వాడే గుంటూరులో, కడపలో కూడా ఇలాగే ఉండాలి కదా.

కానీ ఇదే సంగతి రెండో వైపు నుంచి చూడాలి. గిన్నె వల్ల కిడ్నీ చెడిందని కాదు, చెడిన కిడ్నీకి గిన్నె బరువు అని. ఇందాక చెప్పాను, ఒంట్లో చేరిన అల్యూమినియాన్ని బయటికి పంపేది కిడ్నీయే. అది పని చెయ్యకపోతే సరుకు లోపలే పోగవుతుంది, ఎముకల్లో, మెదడులో. 1970ల్లో విదేశాల్లో డయాలసిస్ రోగులకి మాట తడబడడం, మతి పోవడం కనిపించింది. వెతికితే డయాలసిస్‌కి వాడిన నీళ్లలోనే అల్యూమినియం ఉందని తేలింది. అప్పటి నుంచే ఆ నీళ్లను అంత శుద్ధి చేసి వాడుతున్నారు. కాబట్టి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువని తేలిన మనిషి, అంటే కిడ్నీ సరిగ్గా పని చెయ్యని మనిషి ఉన్న ఇంట్లో పులుసు, చారు, మజ్జిగపులుసు సిల్వర్‌లో వండొద్దు, ఉంచొద్దు. గ్యాస్ మందు డాక్టర్‌ని అడక్కుండా పట్టించొద్దు. నీ ప్రశ్నకి ఇదే నా జవాబు.

అల్యూమినియంలో నన్ను నిజంగా కలవరపెట్టేది అల్యూమినియం కాదు, దాంట్లో దొంగతనంగా కలిసే సీసం. పెద్ద కంపెనీలు రేకు కొని గిన్నెలు చేస్తాయి. చిన్న కొలుముల్లో తుక్కు కరిగిస్తారు. పాత ఇంజిన్ ముక్కలు, రేడియేటర్లు, తీగలు, ఏది దొరికితే అది. ఆ తుక్కులో సీసం ఉంటే గిన్నెలోకీ వస్తుంది, గిన్నెలోంచి పులుసులోకీ వస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్థిరపడిన ఆఫ్ఘన్ కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉంటే కారణం వెతికారు. ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్లూ గిన్నెలూ దొరికాయి. 2025 ఆగస్టులో అమెరికాలో తిండినీ మందుల్నీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా విదేశాల నుంచి వచ్చిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి సీసం దిగుతోందని హెచ్చరిక ఇచ్చింది. హిండాలియం అంటే అల్యూమినియం మిశ్రమం, మన దేశపు పేరే.

సీసానికి "ఇంత దాకా ఫరవాలేదు" అనే హద్దే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే అది. పెద్దవాళ్లకి బీపీ, కిడ్నీ. పిల్లలకైతే బుర్ర. చదువు రాని పిల్లాణ్ని మొద్దు అని తిడతాం. యూనిసెఫ్ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. అది గిన్నెల వల్లే కాదు, పాత బ్యాటరీలు, రంగులు, ఇంకా చాలా ఉన్నాయి. మన చేతిలో ఉన్నది గిన్నె. అందుకే చెప్పేది, పేరూ ఊరూ లేని, బరువు మీద అమ్మే పోత సిల్వర్ గిన్నె చవగ్గా వచ్చిందని కొనకండి. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కుక్కర్లకి 2021 ఫిబ్రవరి నుంచే ఉంది. కొనేటప్పుడు గిన్నె తిరగేసి ఆ గుర్తు వెతకండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు స్టీలు. ఇది తేలిక. (అయస్కాంతం చూపిస్తూ) ఇది మా మనవడి ఆటసామానులోంచి తెచ్చాను. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే నాసిరకం అని చెబుతారు. అది సగం అబద్ధం. స్టీలులో 304 అని ఒక రకం, నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. దాన్నే 18/8 అంటారు. దీనికి అయస్కాంతం అంటుకోదు. 202 అని ఇంకో రకం ఉంది. నికెల్ ఖరీదు కాబట్టి దాన్ని తగ్గించి మాంగనీస్ కలుపుతారు. దీనికీ అంటుకోదు! తుప్పు మాత్రం తొందరగా పడుతుంది. 430 అనే రకానికి నికెల్ దాదాపు ఉండదు, దానికి అంటుకుంటుంది. అది విషమేమీ కాదు, ఇండక్షన్ పొయ్యికి అదే కావాలి. కాబట్టి అయస్కాంతం 304నీ 202నీ విడదీయలేదు. గిన్నె అడుగున 304 అనో, 18/8 అనో, స్టీలు పాత్రల ప్రమాణానికి ఇచ్చిన ఐఎస్ 14756 అనే నంబరో ఉందా చూడండి. పాత చీరలకి బదులు ఇచ్చే గిన్నెల మీద ఇవేవీ ఉండవు. వాటిని పప్పులు పోసుకోవడానికి వాడుకోండి, పులుసుకి వద్దు.

కొత్త స్టీలు గిన్నెలోంచి కూడా మొదట్లో కాస్త నికెల్, క్రోమియం దిగుతాయి. నాలుగైదు వంటలయ్యాక బాగా తగ్గిపోతుంది. నేనైతే కొత్త గిన్నె తేగానే చింతపండు నీళ్లు మరిగించి పారబోస్తాను, రెండు మూడుసార్లు. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టి పుండయ్యేవాళ్లు మీలో ఉన్నారా? ఉన్నారు, చేతులు లేస్తున్నాయి. అది నికెల్ పడకపోవడం. మీరు మాత్రం పులుసుకి మట్టి దాకే వాడుకోండి.

స్టీలులో అడుగంటుతుందని అందరి ఫిర్యాదు. అడుగు మందంగా ఉండి, మధ్యలో అల్యూమినియం పొర పెట్టినవి వస్తున్నాయి. ఆ అల్యూమినియం తిండికి తగలదు. ఖరీదు ఎక్కువే. ఒక్కటి కొనండి చాలు.

(ఇత్తడి గిన్నె చేతిలోకి తీసుకుని) దీన్ని ముట్టుకుంటే మా అమ్మ గుర్తొస్తుంది. ఇది బుడితి గిన్నె. సారవకోట మండలం బుడితి, మీలో చాలామందికి తెలిసిందే. ఇత్తడి, కంచు పనికి ఆ ఊరికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటుంది. ఇత్తడి అంటే రాగీ జింకూ. కంచు అంటే రాగీ తగరమూ. కంచు కంచంలో అన్నం తినడం, రాగి చెంబులో మంచినీళ్లు తాగడం హాయిగా చెయ్యండి. పులుపుతోనే పేచీ.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు మా ఊళ్లో ఒక పెళ్లి. ముందురోజు సాయంత్రం పెద్ద ఇత్తడి గుండిగలో పెరుగు తోడు పెట్టారు. లోపల కళాయి, అంటే తగరం పూత, పోయి చాన్నాళ్లయింది, ఎవరూ చూసుకోలేదు. మర్నాడు పెరుగు పైన ఆకుపచ్చ రంగు చార కనిపిస్తే పక్కకి తీసేసి మజ్జిగ చేసి పోశారు. గంట తిరక్కుండా పిల్లలందరికీ వాంతులు. నాలుక మీద ఆ చిలుము రుచి నాకిప్పటికీ ఉంది. పెద్దవాళ్లు దిష్టి తగిలిందన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. డిగ్రీలో రాగి లవణాల పాఠం వచ్చినప్పుడు, ఆ దిష్టి పెరుగు పులుపుకి కరిగిన రాగేనని తెలిసి క్లాసులో నవ్వాను. ఎందుకు నవ్వావని మేడం బయటికి పంపించారు.

అందుకే మనవాళ్లు కళాయి కనిపెట్టారు. కళాయి వేసేవాళ్లు వీధిలోకి వచ్చేవారు, గుర్తుందా? గొయ్యి తీసి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి, గిన్నె ఎర్రగా కాల్చి, నవాసారం చల్లేవారు. తెల్లటి పొగ గుప్పుమనేది. తగరం కడ్డీ అలా తగిలించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెండిలా అయిపోయేది. చిన్నప్పుడు నాకు అదొక గారడీ. తగరం పులుపుకి తట్టుకుంటుంది. అయితే 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని కళాయి గిన్నెని ఉత్తిగా పొయ్యి మీద పెట్టి మర్చిపోకూడదు, ముందు నీళ్లో నూనో పడాలి.

తగరం ఖరీదు, సీసం చవక. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కళాయిలో సీసం కలిపితే గిన్నె మెరుస్తుంది, మనకి తెలీదు. ఒక చిన్న పరీక్ష ఉంది. కళాయి అబ్బాయిని కడ్డీ ఇమ్మని తెల్ల కాగితం మీద గీయండి. సీసం పెన్సిల్‌లా బూడిద రంగు గీత పెడుతుంది, తగరం అలా పెట్టదు. మరీ తక్కువ కలిపితే ఈ పరీక్షకి దొరకదు. కానీ మీరు గీసి చూస్తారని తెలిస్తే అతను మంచి కడ్డీ తెస్తాడు! ఇక కళాయి లేని ఇత్తడి మూకుట్లో బూరెలు, గారెలు వండుకుంటే ఫరవాలేదు, నూనెతో ఇత్తడికి పెద్దగా తగువు లేదు. పులిహోర కలపొద్దు. రాగి బాటిల్లో నిమ్మరసం పొయ్యొద్దు. అది ఆరోగ్యం అనుకుని పోస్తున్నవాళ్లని చూశాను, అందుకే చెబుతున్నాను.

సరే, ఈ పెనం. మా అబ్బాయి పండక్కి కొనిచ్చాడు. పేరు గ్రానైట్ పెనం. గ్రానైట్ అంటే మన టెక్కలి రాయి ఏమో అనుకున్నాను. రాయీ లేదు రప్పా లేదు. లోపల అల్యూమినియం, పైన మామూలు నాన్‌స్టిక్ పూత, దాంట్లో గ్రానైట్‌లా కనిపించడానికి చుక్కలు. ఎనిమిది నెలల్లో పెచ్చులూడింది. అట్ల మీద నల్ల నలుసులు, మావారు మినపపొట్టు అనుకుని తినేశారు. షాపుకి తీసుకెళితే "మీరు ఇనప అట్లకాడ వాడారు మేడం" అన్నాడు. వాడాను మరి. అట్లకాడ వాడకుండా అట్టు ఎలా తిప్పుతాం, చేత్తోనా?

ఈ పూత పేరు పీటీఎఫ్ఈ, టెఫ్లాన్ అంటారే, అదే. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టు ఫ్రిజ్‌లకి వాడే గ్యాస్ కోసం ప్రయోగాలు చేస్తుంటే, అనుకోకుండా సిలిండర్లో తెల్లటి పొడిగా దొరికింది. 1950ల్లో ఫ్రాన్స్‌లో ఒక ఇంజనీరు దాన్ని తన చేపల గేలం సామానుకి పూసుకుంటుంటే, వాళ్లావిడ "నా పెనానికి పూయరాదూ" అన్నదట. దాంతో ఇది వంటింట్లోకి వచ్చింది. ఆడవాళ్లు ఒక మాటంటే ఎంత దూరం పోతుందో చూడండి.

(నవ్వులు)

మావారు మింగిన నలుసులకి ఏమీ కాలేదు, కాదు కూడా. ఆ పూత దేనితోనూ కలవదు, కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. ఇబ్బంది రెండు చోట్ల. మొదటిది, తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం. అమెరికాలో ఫ్యాక్టరీల నుంచి నదిలోకి, తాగేనీళ్లలోకి పోయి పెద్ద గొడవైంది. అక్కడి కంపెనీలు 2015 నాటికి మానేశాయి. 2019లో దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు, చాలాకాలం పోకుండా ఉండే విష రసాయనాలని ఆపడానికి దేశాలన్నీ చేసుకున్న ఒప్పందం అది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో మొదటి వరసలో పెట్టింది. ఇప్పుడు పెట్టెల మీద పీఎఫ్ఓఏ లేదు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అంతమాత్రాన పూత మారిపోలేదు, తయారీలో అదొక్కటి మానేశారు.

రెండోది వేడి. 260 డిగ్రీలు దాటితే పూత చెడడం మొదలవుతుంది, 350 దాటితే విరిగి పొగలొస్తాయి. ఆ పొగ పీలిస్తే ఫ్లూ జ్వరంలా ఒళ్లునొప్పులు, చలి. పంజరంలో చిలకలుంటే చచ్చిపోతాయి. ఉత్త పెనం పెద్ద మంట మీద పెడితే నాలుగైదు నిమిషాల్లో ఆ వేడి వచ్చేస్తుంది. మన జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్ తార్నాకలో ఉంది కదా, వాళ్లు 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 170 డిగ్రీలు దాటితేనే జాగ్రత్త అన్నారు. వాళ్లు ఇంకా ముందే గీత గీశారు. ఇప్పుడు మన అట్ల సంగతి చూడండి. పెనం బాగా కాగి, నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఎగిరితేనే పిండి వేస్తాం. మన అట్టుకి పెనం బాగా కాగాలి, నాన్‌స్టిక్ బాగా కాగకూడదు. ఈ రెంటికీ పొత్తు కుదరదు. గుడ్డు వేసుకోవడానికి సన్నమంట మీద వాడుకోండి, చెక్క గరిటతో. పెచ్చు లేచిందా, దాని కాలం అయిపోయింది. తోటలో మొక్కలకి పళ్లెంగా పెట్టండి.

అట్లకి ఇదిగో, ఈ ఇనప పెనం. నా కంటే పెద్దది, మా అత్తగారి అత్తగారిది. నూనె రాసి కాల్చీ కాల్చీ నల్లగా అద్దంలా తయారైంది, దీన్ని మించిన నాన్‌స్టిక్ లేదు. వంకాయ తొడిమతో నూనె రాయండి, లేకపోతే ఉల్లిపాయ చెక్కతో. సబ్బు పెట్టి రుద్దకండి. తడి తుడిచి, ఒక చుక్క నూనె రాసి పెట్టండి. దీంట్లో వండితే తిండిలోకి ఇనుము కూడా కాస్త వస్తుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. పెనం మందు కాదు, కానీ ఎంతో కొంత. తలసీమియా ఉండి రక్తం ఎక్కించుకునే పిల్లలున్న ఇల్లయితే డాక్టర్‌ని అడిగే వాడండి, వాళ్లకి ఇనుము ఎక్కువైతే ప్రమాదం. పులుసు దీంట్లోనూ నిలవ ఉంచొద్దు, నల్లబడుతుంది, రుచి చెడుతుంది.

మట్టి దాక గురించి నేను చెప్పక్కర్లేదు. పోషకాహార సంస్థవాళ్లు కూడా అన్నిట్లోకీ మట్టి పాత్రే సురక్షితం అన్నారు, మన ముసలమ్మలకి ఆ కాగితం చదివి వినిపించాలి. ఒక్క జాగ్రత్త. మెరిసేది వద్దు. ఈమధ్య ఎర్రరంగు పూసి, వార్నిష్ కొట్టి, నగిషీలు దిద్ది అమ్ముతున్నారు. గాజులా మెరిసే పూతల్లో సీసం ఉండొచ్చు. కుమ్మరి ఇంటికెళ్లి, రంగు లేని ఉత్త దాక కొనుక్కోండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి పోసి సన్నమంట మీద మరిగించి, అప్పుడు వంటకి దించండి. పగులుతుంది, నిజమే. పగిలితే ఇంకోటి కొంటే ఆ కుమ్మరి ఇల్లు కూడా గడుస్తుంది. రాచ్చిప్ప, అదే రాతి గిన్నె, ఉన్నవాళ్లు అదృష్టవంతులు, పులుసుకి అంతకంటే ఏం కావాలి.

("అమ్మా, అవన్నీ ఒక్కసారి కొనాలంటే మా వల్ల కాదు. ఏటి ముందు కొనాల?")

ఏమీ కొనొద్దు. ముందు ఇంట్లో ఉన్నవాటికే పని మార్చండి. సిల్వర్ గిన్నెలు పారెయ్యకండి. అన్నానికి, పాలకి, నీళ్లకి ఉంచండి. కుక్కర్ సిల్వర్‌దైతే పప్పూ టమాటా నేరుగా వెయ్యకుండా, స్టీలు గిన్నెలో వేసి లోపల పెట్టండి. పులుసుకి మాత్రం ఒక దాకో ఒక మంచి స్టీలు గిన్నో చూడండి. అదీ ఈ నెల కుదరలేదా, సిల్వర్‌లోనే వండండి, దించగానే స్టీలు గిన్నెలోకో గాజు గిన్నెలోకో వంచెయ్యండి. మర్నాటి పులుసు అక్కడ ఉండాలి. దానికి పైసా ఖర్చు లేదు, ఒక గిన్నె ఎక్కువ తోముకోవాలంతే. ఆ తర్వాత పెచ్చులూడిన పెనం తీసెయ్యండి. ఆ తర్వాత కళాయి.

ఒకటి మర్చిపోయాను. ఇంత చేసి, పొద్దున్నే టిఫిన్ సెంటర్ నుంచి పొగలు కక్కే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకుంటాం. క్యారేజీ పట్టుకెళ్లండి. బజ్జీలు న్యూస్‌పేపర్లో కట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2023లో మళ్లీ చెప్పింది, ఆ సిరాలో ఉండే రంగులు నూనెకి అంటుకుని వస్తాయని. విస్తరాకులో కట్టమనండి.

ఇక చాలు, మైకు వాళ్లు గడియారం చూపిస్తున్నారు. మీరు తెచ్చిన గిన్నెలు బల్ల మీద పెట్టండి, ఒక్కొక్కటీ తిరగేసి చూద్దాం. అయస్కాంతం వరసగా అందించుకోండి. చివర్లో ఉన్నమ్మా, అది నీ దగ్గరికి వచ్చాక నాకు ఇచ్చెయ్యి. సాయంత్రంలోగా తిరిగి ఇవ్వకపోతే మా మనవడు ఊరుకోడు.